మార్‌బుర్గ్ వెళ్తున్న చిన్నికి పెద్దమ్మ రాసేది

చిరంజీవి చిన్నీకి,

నువ్వు జర్మనీలోని మార్‌బుర్గ్ వెళ్ళి అక్కడి పాత హెస్సె సంస్థాన పాలకుల వారసత్వం మీద పరిశోధన చేస్తావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది, సగం ఏడుస్తూ. నాకు ముందు గర్వమేసింది. ఆ వెనకే గుండెల్లో రాయి పడింది.

మంచి చలికోటు కొనుక్కో. పాత జర్మన్ గొలుసుకట్టు రాత చదవడం ఇప్పుడే మొదలుపెట్టు. అచ్చు పుస్తకం చదవగలిగినంత మాత్రాన దస్తావేజు లొంగదు. కొత్త క్యాలెండర్ వచ్చిన 1582 తర్వాతి తేదీల దగ్గర ఒళ్ళు దగ్గర పెట్టుకో. ప్రొటెస్టెంట్ సంస్థానాలు 1700 దాకా పాత క్యాలెండర్‌నే పట్టుకుని వేలాడాయి, పది రోజుల తేడా వస్తుంది.

ఇక అసలు సంగతి. 1567లో హెస్సె పాలకుడు (అక్కడి బిరుదు లాండ్‌గ్రేవ్) ఫిలిప్ పోతూ పోతూ రాజ్యాన్ని నలుగురు కొడుకులకు పంచాడు. పెద్దవాడు విల్‌హెల్మ్‌కి కాసెల్‌తో కలిపి దాదాపు సగం, లుడ్విగ్‌కి మార్‌బుర్గ్‌తో పావు వంతు, చిన్న ఫిలిప్‌కి రైన్‌ఫెల్స్, గేయోర్గ్‌కి డార్మ్‌స్టాట్. తండ్రి ఫిలిప్ భార్య క్రిస్టీన్ బతికుండగానే 1540లో మార్గరెటెను రెండో పెళ్ళి చేసుకున్నాడు కదా (ప్రొటెస్టెంట్ ఉద్యమం మొదలుపెట్టిన లూథర్ కూడా గుట్టుగా సరేనన్నాడు!), ఆవిడ కొడుకులకు డీట్స్ కౌంట్లనే బిరుదు దక్కింది గానీ గద్దె దక్కలేదు. అందరూ ఇక్కడే ఆగి ఆ రెండో పెళ్ళి కథ రాసుకుని మురిసిపోతారు. నువ్వు ఆగకు.

ఎవరికెంత వచ్చిందో తర్వాత చూద్దువుగాని, పంచకుండా వదిలేసిందేమిటో ముందు చూడు. మార్‌బుర్గ్ విశ్వవిద్యాలయం ఉమ్మడి, పై కోర్టు ఉమ్మడి, పెద్ద ఆసుపత్రులు ఉమ్మడి, జీగెన్‌హైన్‌లో దాచిన కాగితాలూ ఉమ్మడే. మా తాతగారి అన్నదమ్ములు పొలాన్ని గొలుసు పట్టి కొలిచి గట్లు వేసుకున్నారు, బావి ఒక్కటీ ఉమ్మడిగా ఉంచారు. మోటకి ఎవరి ఎడ్లు ముందు కట్టాలన్న దగ్గర మొదలైన తగువు పెళ్ళి పిలుపులు ఆగిపోయేదాకా వెళ్ళింది. మా నాయనమ్మ తోడికోడలితో మాట్లాడాలంటే గుడికి పోవాల్సి వచ్చేది. హెస్సెలో ఆ బావి విశ్వవిద్యాలయమే.

1604లో మార్‌బుర్గ్ లుడ్విగ్ పిల్లల్లేకుండా పోయాడు. ఆయన విల్‌హెల్మ్ కొడుకు కాసెల్ మోరిట్జ్‌కి చిన్నాన్న, గేయోర్గ్ కొడుకు డార్మ్‌స్టాట్ లుడ్విగ్‌కి పెదనాన్న. (వీళ్ళు నాలుగో లుడ్విగ్, ఐదో లుడ్విగ్, తండ్రీకొడుకులనుకునేవు!) చెరిసగం తీసుకోండి, లూథరన్ మతం మాత్రం మార్చకండి అని వీలునామా రాశాడు. మరుసటేడే మోరిట్జ్ ప్రొటెస్టెంట్లలోనే ఇంకో శాఖ అయిన కాల్విన్ పద్ధతులు తెచ్చాడు. లూథరన్ పండితులు బయటికి నడిచారు. 1607లో డార్మ్‌స్టాట్ లుడ్విగ్ గీసెన్‌లో వేరే విశ్వవిద్యాలయమే పెట్టేశాడు. 1623లో చక్రవర్తి కోర్టు తీర్పు డార్మ్‌స్టాట్ వైపు వచ్చింది, 1627లో మోరిట్జ్ గద్దె దిగాడు, 1645లో అతని కోడలు అమాలీ ఎలిజబెత్ సైన్యాన్నే దింపింది. 1648లో మార్‌బుర్గ్ కాసెల్‌కి, గీసెన్ డార్మ్‌స్టాట్‌కి అని తేలేసరికి ఫిలిప్ పోయి ఎనభై ఏళ్ళు దాటింది.

ఇల్లు చీలినట్టే కాగితాలూ చీలాయి. మార్‌బుర్గ్ ఆర్కైవ్‌లోనే కూర్చుంటే కాసెల్ వాళ్ళ మాటే వింటావు. డార్మ్‌స్టాట్‌కీ వెళ్ళి తీరాలి. ఇక్కడ జమీందారీ దావాల కట్టలు తిరగేసినదాన్ని, నాకు తెలుసు: ఒక వైపు కాగితాలే చదివితే రెండోవాడు దొంగలాగే కనిపిస్తాడు.

అన్నట్టు, మీ నాన్న ఇంటిని నీకూ మీ అన్నయ్యకూ ఉమ్మడిగా రాస్తానంటున్నాడట. నేను మాట్లాడతాలే, నువ్వు బెంగ పెట్టుకోకు. వేళకు తిను తల్లీ. డార్మ్‌స్టాట్ ఎప్పుడు వెళ్తావో ఖాయం చేసుకుని రాయి. అప్పటిదాకా మొదటి అధ్యాయం పంపినా నేను చదవను.

మీ పెద్దమ్మ