తాతకి రాని బీపీ మనకెందుకు?

“మా తాత రోజూ ఆవకాయ తిన్నా బీపీ లేదు. నాకు నలభైకే వచ్చింది, ఎందుకు?” అని ఒకరు అడిగారు.

ఆవకాయ మారలేదు, దాని చుట్టూ ఉన్న బతుకు మారింది. బెజవాడలో మే నెల ఎండ ఒక్కోసారి 45 డిగ్రీలు దాటుతుంది. ఆ ఎండలో పొలం పని చేస్తే చెమటతో ఉప్పూ పోతుంది. ఉప్పేసిన మజ్జిగ, పచ్చడి మెతుకులు ఆ లోటు కొంత పూడ్చేవి. పైగా వేసవి మామిడికాయ ఏడాదంతా నిల్వ ఉండాలంటే ఉప్పు దట్టించక తప్పదు. ఇప్పుడు మనం బీసెంట్ రోడ్డులో ఏసీ షాపులో కూర్చుంటాం. చెమట లేదు, ముద్ద మాత్రం అదే, తోడుగా చిప్స్. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకి రోజుకి 5 గ్రాముల లోపే ఉప్పు అంటోంది. వంశం, బరువు, టెన్షన్ కూడా కారణాలే, నేరమంతా జాడీ మీద మోపను. చాలామంది గుంటూరు కారాన్ని తిడతారు గానీ, బీపీకి ముందు చూడాల్సింది ఉప్పుని.