ఆరున్నర లక్షలు ఇచ్చారు... మరి పని ఎంత అయింది?

ప్రశ్న: మాది విజయవాడ సింగ్‌నగర్. 2024 సెప్టెంబరులో బుడమేరు వరదకు కింది వాటాలో నడుము లోతు నీళ్లు నిలిచాయి. వైరింగ్ పాడైంది, గోడలు చెమ్మ పట్టాయి. మా బావమరిదికి తెలిసిన కాంట్రాక్టరుకు మెటీరియల్‌తో సహా 9 లక్షలకు పని అప్పగించాం. ఇప్పటికి 6.5 లక్షలు ఇచ్చాం. వైరింగ్, పైపులు, ప్లాస్టరింగ్ అయ్యాయి. ఇంకో లక్షన్నర ఇస్తే తప్ప మనుషులు రారంటున్నాడు. శ్రావణంలో మా అమ్మాయి పెళ్లి. ఎఫ్‌డీ తీసి ఇచ్చేయమంటారా?

జవాబు: వద్దండి. ముందు లెక్క తేలాలి. ఈ కాంట్రాక్టరుతో సంబంధం లేని మేస్త్రిని ఒకరిని పిలిచి, మిగిలిన పనికి ఎంతవుతుందో గది గదికీ రాయించండి. టైల్స్, తలుపులు, బాత్‌రూమ్ ఫిట్టింగులు, పుట్టీ, రంగులు అన్నీ కలిపి 4 లక్షలు తేలిందనుకుందాం. మీరు ఇవ్వాల్సింది రెండున్నర లక్షలే. అంటే చేయని పనికి లక్షన్నర ఇప్పటికే అతని చేతిలో ఉంది. అది ఇంకో సైటులో ఖర్చయిపోయి ఉండొచ్చు. మళ్లీ ఇస్తే ఇదీ అటే పోదని ఏమిటి నమ్మకం?

అలాగని గొడవపడి పంపించేయకండి. ఒకరు సగంలో వదిలిన పనిని ఇంకొకరు ఓ పట్టాన ఒప్పుకోరు, ఒప్పుకున్నా రేటు పెంచి చెబుతారు. అతన్ని కూర్చోబెట్టి ఆ కాగితం చూపండి. మీ బావమరిదిని కూడా పిలవండి. మొహమాటం అసలు అక్కడే కదా ఉంది, ఆయన ఎదురుగానే తేలడం అందరికీ మంచిది.

ఇకనుంచి మెటీరియల్ డబ్బు అతని చేతికి వద్దు. టైల్స్ మీరే వెళ్లి కొనండి. బిల్లు మీ పేరున ఉండాలి, చెల్లింపు నేరుగా షాపు ఖాతాకే వెళ్లాలి. పెట్టెల మీద బ్యాచ్ నంబరు ఒకటేనా అని చూసుకోండి, లేకపోతే హాల్లో సగం ఒక రంగు, సగం ఇంకో రంగు కనిపిస్తుంది. విరిగేవాటికని రెండు మూడు పెట్టెలు ఎక్కువ తీసుకోండి. అతనికి ఇచ్చేది కూలి మాత్రమే, అదీ పని అయ్యాక. బాత్‌రూమ్ టైల్స్ వేయించే ముందు పైపుల్లో ప్రెషర్‌తో నీళ్లు నింపి రాత్రంతా ఉంచండి, ఎక్కడా లీకు లేకపోతేనే ఆ కూలి. ‘ఎక్స్‌ట్రా’ అంటే రేటు ముందే వాట్సాప్‌లో రాయమనండి. చివరి 45 వేలు, అంటే ఒప్పందంలో 5 శాతం, పనంతా అయిన నెల తర్వాత ఇస్తానని ఇప్పుడే చెప్పేయండి.

మీ అమ్మాయి పెళ్లి ముహూర్తం అతనికి తెలుసు. పని ఆపితే మీకు టెన్షన్ అనీ తెలుసు. అందుకే హాలు, ఒక బాత్‌రూమ్ ముందు పూర్తి చేయించండి. మిగతా గదులు పెళ్లయ్యాక చూసుకోవచ్చు. చుట్టాలకు లాడ్జిలో నాలుగు రూములు తీసుకున్నా లక్షన్నర కాదు.

ఇంతా చేసి డబ్బు తక్కువ పడితే ఎఫ్‌డీ రద్దు చేయకుండా దాని మీద ఓవర్‌డ్రాఫ్ట్ (ఎఫ్‌డీని హామీగా ఉంచి, కావలసినప్పుడు కావలసినంత వాడుకునే అప్పు) తీసుకోండి. వడ్డీ సాధారణంగా ఎఫ్‌డీ రేటు కంటే ఒకటి రెండు శాతమే ఎక్కువ, అదీ వాడుకున్న మొత్తానికే. పర్సనల్ లోను జోలికి వెళ్లకండి. పెళ్లి డబ్బు వేరే ఖాతాలో పెట్టి, దాన్ని ఇంటి పనికి ముట్టుకోకండి. ఇంటి రిపేరు కోసం బ్యాంకు లోను తీసుకుంటే, మీరు ఉండే ఇంటికి వడ్డీ మీద ఏడాదికి రూ.30,000 దాకా పన్ను మినహాయింపు ఉంది, కానీ పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకే. కొత్త విధానంలో ఉంటే దాన్ని లెక్కలోకి తీసుకోకండి.

రంగుల విషయంలో మాత్రం తొందరపడకండి. గోడలో చెమ్మ ఆరకముందే పుట్టీ పెడితే పొరలుగా ఊడుతుంది, ఆ ఖర్చు రెండోసారి కూడా మీ జేబులోంచే పోతుంది.