ఆ వీడియో మీ తప్పు వెతకడానికి కాదు

ప్రశ్న: మా బాబుకు మూడున్నరేళ్లు. ఆటిజం అని నిర్ధారించారు. నేను బాబుతో ఆడుతుండగా వీడియో తీసి, నాతో కలిసి చూస్తామని థెరపిస్టు అంటున్నారు. ఫోను చేతికిచ్చి పెంచడం వల్లే ఇలా అయిందని అత్తగారు ఇప్పటికే అంటున్నారు. ఆ వీడియోలో నా లోపం బయటపడుతుందేమోనని భయంగా ఉంది. ఒప్పుకోవాలా?
- ఒక తల్లి, కూకట్‌పల్లి

జవాబు: తప్పకుండా ఒప్పుకోండమ్మా. మీ పెంపకం వల్ల బాబుకు ఆటిజం రాలేదు. తల్లి ప్రేమ చాలకే పిల్లలు ఇలా అవుతారనే వాదం గత శతాబ్దం మధ్యలో వైద్యుల్లోనే ప్రచారంలో ఉండి, ఎందరో తల్లులను క్షోభపెట్టింది. వైద్యశాస్త్రం దాన్ని ఎప్పుడో తోసిపుచ్చింది. ఆటిజం మెదడు ఎదుగుదలకు సంబంధించినది, అందులో జన్యువుల పాత్ర ఎక్కువ.

ఇంతకీ వీడియోలో వారు చూసేదేమిటి? బాబు బొమ్మకారును తిరగేసి చక్రం తిప్పుతున్నాడనుకోండి. మాటలు రావాలన్న ఆరాటంతో మనం "ఇదేం రంగు? కారు అను నాన్నా" అని అడుగుతాం, వాడు పక్కకు తిరిగిపోతాడు. అలా కాకుండా మీరు పక్కనే నేలమీద కూర్చుని "గిరగిరా తిరుగుతోంది" అని ఊరుకుంటే, వాడు ఒక్క క్షణం మీ వైపు చూడవచ్చు, లేదా మీ చేతిని చక్రం దగ్గరికి లాగవచ్చు. ఈ పిల్లల సంకేతాలు ఇంత చిన్నవి కనుక, ఎంత శ్రద్ధగల తల్లికైనా ఆట మధ్యలో అవి అందవు. వీడియో ఆపి చూస్తే అందుతాయి.

బ్రిటన్‌లో 152 మంది పిల్లలతో ఈ పద్ధతిని పరీక్షించి, 2010లో ఫలితాలు ప్రకటించారు. తల్లిదండ్రులు స్పందించే తీరు బాగా మెరుగుపడింది కానీ, ఆటిజం లక్షణాల్లో అప్పటికి చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. దాదాపు ఆరేళ్ల తర్వాత మళ్లీ చూస్తే లక్షణాల తీవ్రత కొంత తగ్గినట్టు తేలింది. కాబట్టి నెలల్లో అద్భుతం ఆశించకండి, అలా మాట ఇచ్చేవారిని నమ్మకండి.

వీడియో తీసేటప్పుడు బాబుతో ఇంట్లో మాట్లాడే తెలుగులోనే మాట్లాడండి. ఇంగ్లీషు ఒక్కటే మాట్లాడితే త్వరగా మాటలొస్తాయని మన నగరంలో చాలామందికి చెబుతున్నారు, దానికి ఆధారం లేదు. వీడియో ఎవరి దగ్గర ఉంటుందో, ఎవరెవరు చూస్తారో ముందే అడిగి తెలుసుకోండి. మీవారిని కూడా బాబుతో ఆడమనండి, ఆయన ఆటనూ వీడియో తీయించండి. ఖర్చు భారమైతే సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవారి కోసం పనిచేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్‌ఐఈపీఐడీలో విచారించండి.

అత్తగారికి నచ్చజెప్పే పని మీవారిది, మీరు చెబితే అది వాదనగానే మిగులుతుంది. బాబు మీ వైపు తిరిగి చూసిన వీడియో ఒకటి దొరికాక, మీకు ఇష్టమైతే, దాన్ని థెరపిస్టు సమక్షంలో ఆవిడకూ చూపించండి.