స్టెంట్ వేయించుకున్నాక సీనియర్ మిషన్‌కు వెళ్లొచ్చా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది హైదరాబాద్. చాలా ఏళ్లుగా అమెరికాలో, సాల్ట్ లేక్ సిటీ దగ్గర ఉంటున్నాం. అమెరికాలో పుట్టిన మార్మన్ చర్చి సభ్యులం. ఇద్దరం రిటైరయ్యాం. కలిసి 18 నెలల సీనియర్ మిషన్‌కు (పెద్ద వయసు సభ్యులు చర్చి తరఫున చేసే సేవ) వెళ్లాలని ఎప్పటినుంచో కోరిక. తెలిసిన జంట ఒకరు ఘనాలో సేవ చేస్తున్నారు. అక్కడికే వెళ్దామని మావారి పట్టుదల. ఆయనకు 69 ఏళ్లు, 14 ఏళ్లుగా షుగర్ ఉంది. 7 నెలల కిందట హార్ట్ ఎటాక్ వస్తే స్టెంట్ వేశారు. మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్, మెటోప్రొలాల్, యాస్పిరిన్, క్లోపిడోగ్రెల్, కొలెస్ట్రాల్ మాత్ర వాడుతున్నారు. నాకు 65 ఏళ్లు. థైరాయిడ్ మాత్ర, కాల్షియం వేసుకుంటాను. మోకాళ్ల నొప్పులున్నాయి. స్టెంట్ సంగతి మెడికల్ ఫారంలో రాస్తే పంపరేమోనని ఆయనకు టెన్షన్. ‘ఇప్పుడు బాగానే ఉన్నాను కదా, రాయకపోతే ఏమవుతుంది’ అంటున్నారు. మమ్మల్ని ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, యూటా

జవాబు: అమ్మా, ముందుగా ఫారం సంగతి. స్టెంట్ గురించి తప్పకుండా రాయాలి. ఏ నెలలో వేశారు, ఎక్కడ వేశారు, ఇప్పుడు ఏ మందులు వాడుతున్నారు, అన్నీ రాయండి. మీవారి భయం నాకు అర్థమవుతోంది. ఇన్నాళ్లు ఎదురుచూసిన అవకాశం ఒక్క కాగితం వల్ల పోతుందేమోనని ఎవరికైనా ఉంటుంది. కానీ ఆ ఫారం మిమ్మల్ని ఆపడానికి పెట్టింది కాదు. కుర్రవాళ్లలా పొద్దున్నించి రాత్రిదాకా ఇల్లిల్లూ తిరగమని సీనియర్ జంటలను అడగరు. ఆఫీసు పని, సహాయ కార్యక్రమాలు, మీ చర్చి టెంపుల్‌లో సేవ, స్థానిక సభ్యులకు తోడుగా ఉండటం, ఇలా రకరకాల పనులుంటాయి. 6 నెలల నుంచి 23 నెలల దాకా గడువు ఎంచుకునే వీలుంది. ఆరోగ్యం సంగతి తెలిస్తేనే తగిన చోటు, తగిన పని ఇవ్వగలుగుతారు. అది దాస్తే, గుండె డాక్టర్ అందుబాటులో లేని ఊరికి పంపే ప్రమాదం ఉంది. పైగా మెడికేర్ (పెద్దవాళ్లకు అమెరికా ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా) మామూలుగా అమెరికా బయట వైద్యానికి డబ్బివ్వదు. అక్కడ వేరే ఇన్సూరెన్స్ మీదే ఆధారపడాలి. దాచిన జబ్బుకు క్లెయిమ్ వస్తే వాళ్లు ఒప్పుకుంటారన్న నమ్మకం లేదు.

ఇక గుండె. హార్ట్ ఎటాక్ తర్వాత స్టెంట్ వేస్తే యాస్పిరిన్, క్లోపిడోగ్రెల్ రెండూ కలిపి మామూలుగా 12 నెలలు వాడతారు. మీవారికి ఇంకా 5 నెలలుంది. ఈలోగా వాటిలో ఏదీ సొంతంగా ఆపకూడదు, ఒక్క రోజు కూడా. మిషన్ కోసం పళ్ల డాక్టర్ దగ్గరికీ వెళ్లాలి కదా, అక్కడ పన్ను తీయాలంటే ‘రక్తం పల్చబడే మాత్ర నాలుగు రోజులు ఆపండి’ అనవచ్చు. మీ కార్డియాలజిస్టుతో మాట్లాడకుండా ఆపకండి. స్టెంట్‌లో రక్తం గడ్డకడితే అది మళ్లీ హార్ట్ ఎటాక్. ఆ 12 నెలలు పూర్తయి, కార్డియాలజిస్టు పరీక్షించి సరేనన్నాకే ప్రయాణం పెట్టుకోండి. ఆ సమయానికి ఆయన అరగంట చురుగ్గా నడిచి, రెండంతస్తులు మెట్లెక్కినా ఛాతీలో పట్టేసినట్టు, ఆయాసంగా అనిపించకూడదు. అనుమానం ఉంటే ట్రెడ్‌మిల్ లాంటి పరీక్ష చేస్తారు.

ఘనా విషయంలో నా అభిప్రాయం దాచను. మొదటి మిషన్‌గా మీకు అది వద్దంటాను. పెద్ద ఎటాక్ వస్తే రెండు గంటల లోపే క్యాథ్ ల్యాబ్‌లో బ్లాక్ తెరవాలన్నది లెక్క. మిమ్మల్ని పంపే ఊరి నుంచి అది కుదురుతుందా అన్నది మొదటి ప్రశ్న. రెండోది, దోమల వల్ల వచ్చే ఎల్లో ఫీవర్ జ్వరానికి టీకా. ఘనాలో అడుగుపెట్టాలంటే ఆ సర్టిఫికెట్ తప్పనిసరి. అది బతికున్న వైరస్‌ను బలహీనపరిచి చేసిన టీకా. 60 దాటినవాళ్లలో మొదటిసారి వేసుకుంటే కాలేయం, మెదడు లాంటి అవయవాలకు తీవ్రమైన ఇబ్బంది వచ్చే అవకాశం కొంచెం ఎక్కువ. లక్ష మందిలో ఒకరిద్దరికి వచ్చేంత అరుదే, కానీ వస్తే ప్రాణాంతకం కావచ్చు. షుగర్, స్టెంట్ ఉన్నంత మాత్రాన టీకా వేయకూడదని లేదు. థైమస్ గ్రంథి జబ్బు, రోగనిరోధక శక్తి తగ్గించే మందులు, గుడ్డుకు తీవ్రమైన అలర్జీ ఉన్నవాళ్లకు మాత్రం వద్దంటాం. వయసును బట్టి ట్రావెల్ క్లినిక్ డాక్టర్ ముఖాముఖి చూసి నిర్ణయించాలి. మినహాయింపు లెటర్ ఇచ్చినా, ఆ జ్వరం నుంచి రక్షణ మాత్రం రాదు కదా. ఇంకో సంగతి: ఘనా నుంచి నేరుగా హైదరాబాద్‌లో పెళ్లికో, పండక్కో రావాలనుకుంటే సర్టిఫికెట్ లేనివాళ్లను మన ఎయిర్‌పోర్టులో 6 రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టవచ్చు. టీకా వేసుకున్న 10 రోజుల తర్వాతే సర్టిఫికెట్ చెల్లుతుంది. ఆ తర్వాత జీవితాంతం పనిచేస్తుంది.

మూడోది మలేరియా. ‘మేం ఇండియాలో పుట్టి పెరిగాం, ఆ దోమలు మాకు అలవాటే’ అని మనవాళ్లు అంటుంటారు. ఎప్పుడో ఉన్న కాస్త రక్షణ కూడా కొన్నేళ్లు దూరంగా ఉంటే తగ్గిపోతుంది. పైగా ఘనాలో ఎక్కువగా ఉండేది ఫాల్సిపారం, ప్రాణం తీసే రకం. క్లోరోక్విన్‌కు లొంగదు. అక్కడ ఉన్నన్నాళ్లూ నివారణ మాత్ర వేసుకోవాల్సిందే. మీవారు మెటోప్రొలాల్ వాడుతున్నారు, గుండె జబ్బు ఉంది కాబట్టి మెఫ్లోక్విన్ ఆయనకు నప్పదు. అటోవాకోన్-ప్రోగ్వానిల్ రోజూ భోజనంతో వేసుకోవచ్చు, తిరిగి వచ్చాక 7 రోజులు కొనసాగించాలి. 14 ఏళ్ల షుగర్ కాబట్టి ముందు కిడ్నీ పరీక్ష చేయించండి, కిడ్నీలు బాగా దెబ్బతిని ఉంటే ఆ మాత్ర ఇవ్వకూడదు. డాక్సీసైక్లిన్ ఇంకో దారి. అది తిరిగి వచ్చాక 4 వారాలు వేసుకోవాలి, ఎండకు చర్మం కమిలిపోతుంది, మీ కాల్షియం మాత్రతో కలిపి వేసుకుంటే ఒంటికి పట్టదు. ఏ మాత్ర వేసుకున్నా దోమతెర మానకూడదు. జ్వరం వస్తే ఆ రోజే రక్తపరీక్ష. ఇంటికొచ్చిన నెలల తర్వాత జ్వరం వచ్చినా ‘ఘనా వెళ్లొచ్చాం’ అని డాక్టర్‌కు చెప్పాలి.

మీరు అడగలేదు కానీ ఒకటి గట్టిగా చెప్పాలి. నెలలో మొదటి ఆదివారం మీ చర్చిలో ఉపవాసం ఉంటారు, రెండు పూటలు తిండీ నీళ్లూ లేకుండా. షుగర్ మాత్ర గ్లిమెపిరైడ్ వేసుకునే మనిషి అలా ఉంటే షుగర్ ప్రమాదకరంగా పడిపోవచ్చు. మామూలుగా షుగర్ పడిపోతే గుండె దడ, వణుకు వచ్చి హెచ్చరిస్తాయి. గుండెకు వాడే మెటోప్రొలాల్ ఆ రెంటినీ కప్పేస్తుంది. ముఖ్యంగా చెమటలే మిగులుతాయి. ఆయన పక్కన కూర్చున్నవాళ్లకు కూడా తెలియకుండానే స్పృహ తప్పవచ్చు. మాత్ర మానేసి ఉపవాసం ఉండటం కూడా దారి కాదు. ఆరోగ్యం సహకరించని వాళ్లు ఉపవాసం ఉండక్కర్లేదని మీ చర్చే చెబుతుంది. ఆయన మొహమాటపడితే బిషప్‌తో మీరే మాట్లాడండి. మిషన్‌కు ముందే షుగర్ డాక్టర్‌ను అడిగి, షుగర్ అంతగా పడిపోనివ్వని వేరే మాత్రకు మార్చుకోగలరేమో చూడండి.

మరి ఎక్కడికి వెళ్లాలి? 12 నెలలు నిండాక, అమెరికాలోనే పెద్ద ఆసుపత్రి ఉన్న నగరంలో 6 నెలలో, ఏడాదో ఉండేలా అడగండి. ఇంట్లోనే ఉండి రోజూ వెళ్లొచ్చే సర్వీస్ మిషన్ కూడా ఉంది కదా. అది సాఫీగా సాగితే, డాక్టర్లు సరేనంటే, ఆ తర్వాత దూరదేశం ఆలోచించవచ్చు. 70 దాటాక ఎల్లో ఫీవర్ టీకా ఇంకాస్త కష్టమవుతుంది కాబట్టి ఆ టీకా అవసరం లేని దేశం పేరు రాసుకోండి.

ఎక్కడికి వెళ్లినా మందులు హ్యాండ్ బ్యాగేజీలోనే పెట్టుకోండి. కంపెనీ పేరు కాకుండా మందు అసలు పేరు రాసిన ప్రిస్క్రిప్షన్, స్టెంట్ కార్డు, తాజా ఈసీజీ కాపీ, గ్లూకోమీటర్ దగ్గరుండాలి. ఫ్లూ, న్యుమోనియా టీకాలు ఇద్దరూ వేసుకోండి.

మీ సంగతికి వస్తే, థైరాయిడ్ మాత్ర ఖాళీ కడుపుతో వేసుకుని, కాల్షియం కనీసం 4 గంటలు ఆగాక వేసుకోండి. బయల్దేరే ముందు టీఎస్‌హెచ్ పరీక్ష ఒకసారి చూడండి. మోకాళ్లకు ఐబుప్రోఫెన్ లాంటి మాత్రలు నెలల తరబడి మింగవద్దు. ఫిజియోథెరపిస్టు దగ్గర తొడ కండరాల వ్యాయామం నేర్చుకుని ఈ 5 నెలలూ చేయండి. మోకాలి ఆపరేషన్ అవసరమని డాక్టర్ ఇప్పటికే చెప్పి ఉంటే, అది చేయించుకుని పూర్తిగా కోలుకున్నాకే ఫారం పంపండి. ఇల్లు కేటాయించేటప్పుడు కింది అంతస్తు కావాలని మీ ఫారంలోనే రాయండి.