బయటి లింకులన్నిటికీ నోఫాలో పెట్టాలా?

"ర్యాంకు బయటికి పోకూడదని బయటి లింకులన్నిటికీ నోఫాలో పెట్టాను, అయినా మార్పు లేదు, ఇక లింకులే తీసేయనా?" అని అడిగారు కదండీ. తీసేయకండి. నోఫాలో అంటే ఆ లింకుకు మన మద్దతు లేదని గూగుల్‌కు చెప్పే గుర్తు. అది పెడితే, లింకు ద్వారా బయటికి పోయే ర్యాంకు బలం మన మిగతా పేజీలకు మిగులుతుందన్నది పాత నమ్మకం. అలా మిగలదని గూగుల్ 2009లోనే చెప్పింది.

మీరు చదివి, నమ్మి, పాఠకుడికి పనికొస్తుందని ఇచ్చిన లింకును మామూలుగానే వదిలేయండి. డబ్బు తీసుకుని పెట్టినవి, అఫిలియేట్ లింకులు (వాటి ద్వారా ఎవరైనా కొంటే మనకు కమీషన్ వచ్చేవి) మాత్రం వేరు. వాటికి లింకు కోడ్‌లో రెల్ (rel) అనే చోట స్పాన్సర్డ్ (sponsored) అని తప్పక రాయండి. ఇక్కడ అశ్రద్ధ చేస్తే గూగుల్ మాన్యువల్ యాక్షన్ తీసుకోవచ్చు, అంటే వాళ్ల మనుషులే చూసి మన సైటుపై శిక్ష వేయొచ్చు, అందులోంచి బయటపడటం నిజంగా టెన్షన్. పాఠకులు కామెంట్లలో పెట్టే లింకులకు అదే చోట యూజీసీ (ugc, అంటే వాడేవాళ్లు రాసినది) అని రాయండి. ఈ రెండూ 2019లో వచ్చాయి, అంతకుముందు అన్నిటికీ నోఫాలోయే దిక్కు.

నాకు ఎక్కువ దిగులు పాత లింకుల గురించే. మీరు లింకు ఇచ్చిన సైటు మూతపడి, ఆ డొమైన్‌ను జూదం సైటువాళ్లు కొనేసి ఉండొచ్చు. పేజీ తెరుచుకుంటూనే ఉంటుంది కాబట్టి 404 (పేజీ లేదని చూపే లోపం) వెతికే టూల్‌కు అది దొరకదు. అందుకే ఎక్కువమంది చూసే పేజీల్లోని లింకులను మూడు నెలలకోసారి మీరే నొక్కి చూడండి. అలా చూసేటప్పుడే, "ఇక్కడ" అని లింకు ఇచ్చిన చోట అవతల ఏముందో తెలిసేలా పదాలు మార్చేయండి.