కోలాటం తీసెయ్ నాయనా

తిరుపతి

చిరంజీవికి,

పలమనేరు నుంచి నువ్వు పంపిన వ్యాసం అందింది. మాంగనీస్ మోనాక్సైడ్‌లో ‘ఎలక్ట్రాన్లు కోలాటం ఆడతాయి’ అన్నచోట ఆగిపోయాను. కోలాటంలో మనుషులు చోటు మారతారు. ఇక్కడ ఏ మాంగనీస్ పరమాణువూ తన చోటు వదలదు. 118 కెల్విన్ (మైనస్ 155 డిగ్రీల సెల్సియస్) కంటే చల్లబడితే ఒక పొరలో స్పిన్‌లన్నీ, అంటే పరమాణువుల్లోని చిట్టి అయస్కాంతాలన్నీ, ఒకవైపు, పక్క పొరలో సరిగ్గా ఎదురువైపు నిలబడతాయి. రెండూ కొట్టేసుకుని ముక్క మొత్తానికి అయస్కాంతత్వం సున్నా.

మరి బయటికి కనబడనిది లోపల ఉందని ఎలా తెలిసింది? ఇన్ని పేజీల్లో ఆ ముక్కే రాయలేదేం? సైన్సు రాసేవాడు ముందు చెప్పాల్సింది అదే. ఫ్రెంచి భౌతికశాస్త్రవేత్త లూయీ నీల్ ఈ ఎదురెదురు అమరికను 1930లలోనే ఊహించాడు. 1949లో అమెరికాలోని ఓక్ రిడ్జ్ ప్రయోగశాలలో షల్, స్మార్ట్ న్యూట్రాన్లతో పట్టుకున్నారు. ఎక్స్‌రేకు ఆ రెండు పొరలూ ఒకటే. న్యూట్రాన్‌కు సొంత అయస్కాంతత్వం ఉంది కనుక తేడా పసిగడుతుంది. ఏ కోణంలో ఎన్ని న్యూట్రాన్లు చెదిరాయో చూపే గ్రాఫులో, గది ఉష్ణోగ్రతలో లేని పీకులు (గుట్టలు) 80 కెల్విన్ దగ్గర లేచాయి. స్ఫటికంలో మళ్ళీ మళ్ళీ వచ్చే 4.43 ఆంగ్‌స్ట్రామ్‌ల (ఆంగ్‌స్ట్రామ్ అంటే మీటరులో వెయ్యి కోట్లవ వంతు) గడి లెక్క ప్రకారం అవి అక్కడ రాకూడదు. గడిని రెట్టింపు చేసి 8.85 అనుకుంటే చక్కగా కుదిరాయి. ఆ పీకు చూపించు, ఏ నాట్యమూ అక్కర్లేదు.

ఈ జబ్బు అంటించింది సంపాదకులు. ఎస్వీ యూనివర్సిటీ లైబ్రరీలో కూర్చుని ట్రేసింగ్ పేపర్ మీద నేను ఎత్తి రాసుకొచ్చిన ఆ గ్రాఫును ఒక వారపత్రికాయన కోసేసి, గుర్రపునాడా అయస్కాంతం బొమ్మ వేశాడు. ‘పాఠకులకి గ్రాఫులెందుకండీ, ఏదైనా ఉపమానం చెప్పండి’ అన్నాడు. ఆ కోపం ఇంకా చల్లారలేదు. అదే గ్రాఫు గాంధీరోడ్డులో ఒక రేడియో మెకానిక్‌కు చూపిస్తే, ‘ఈ గుట్ట చల్లబడితేనే లేస్తుందా సార్?’ అని అడిగాడు. పాఠకుడంటే ఆయన.

టార్చి బ్యాటరీ పగలగొట్టి ఆ నల్లపొడి దగ్గర అయస్కాంతం తిప్పి చూశానని రాశావే, అది బాగుంది. వ్యాసం అక్కడ మొదలుపెట్టు. ఆ పొడిలో ఉండేది మాంగనీస్ డయాక్సైడ్. దాని ఖనిజరూపం పైరోలుసైట్‌ను 92 కెల్విన్ కిందికి దించితే స్పిన్‌లు ఎదురెదురుగా కూడా నిలబడవు, పొరపొరకీ కొంత కొంత తిరుగుతూ మరచుట్టులా సాగుతాయి. 1959లో జపాన్ భౌతికశాస్త్రవేత్త యోషిమోరి తేల్చిన సంగతి ఇది. నీ వ్యాసంలో దీని ఊసే లేదు.

కలంపేరు, పారితోషికం సంగతులు తర్వాత చూద్దాం. గ్రాఫు నీ చేత్తోనే గీయి, రెండు ఉష్ణోగ్రతలూ పక్కపక్కన పెట్టు. తిరగరాసింది నాకే పంపు, ఆ పత్రికకు కాదు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు