క్వశ్చన్ మార్క్ తర్వాత ఏముందో బయటికి చదువు, పాపా

తిరుపతి,
ఆదివారం రాత్రి

పాపా,

నువ్వు పంపిన మోడల్ టెస్ట్ ఫొటోలన్నీ చూశాను. పైథాన్ ప్రశ్నలు, నెట్‌వర్క్ ప్రశ్నలు బాగా చేశావు. తప్పుపోయినవి చాలావరకు ఎపిఐ (ఒక ప్రోగ్రాం ఇంకో ప్రోగ్రాంను సమాచారం అడిగే దారి) అడ్రస్‌లో క్వశ్చన్ మార్క్ ఉన్నవే. మీ అమ్మ ఫోన్ చేసి "దానికి టెన్షన్ ఎక్కువైందిరా, అన్నం కూడా సరిగ్గా తినడం లేదు" అంది. అందుకే ఫోన్‌లో నాలుగు మాటలు చెప్పి వదిలేయకుండా తీరిగ్గా రాస్తున్నాను.

నీ నోట్సులో పారామీటర్ల (అంటే క్వశ్చన్ మార్క్ తర్వాత మనం చెప్పే షరతుల) పేర్లన్నీ వరసగా రాసుకున్నావు చూడు, ఆ పేజీ పక్కన పెట్టెయ్. అది బట్టీ పట్టే విషయం కాదు. ఎన్ని ఫలితాలు కావాలో చెప్పడానికి సిస్కో వాళ్ల మెసేజ్‌ల సర్వీసు వెబెక్స్‌లో మ్యాక్స్ అంటారు, కోడ్ దాచుకునే సైటు గిట్‌హబ్‌లో పర్ పేజ్ అంటారు, ఇంకొకరు లిమిట్ అంటారు. పేరు పెట్టేది ఆ ఎపిఐ తయారుచేసినవాళ్లు, రాసిపెట్టేది వాళ్ల డాక్యుమెంటేషన్‌లో. నువ్వు రాయబోయే సిస్కో 200-901 పరీక్ష సిలబస్ మళ్లీ ఒకసారి తీసి చూడు. డాక్యుమెంటేషన్ ఇచ్చి రిక్వెస్ట్ తయారుచెయ్యమంటుంది, రిక్వెస్టూ జవాబుగా వచ్చిన నంబరు కోడూ చూపించి తప్పు ఎక్కడుందో పట్టమంటుంది. అంటే నీకు కావలసింది చదివే అలవాటు.

పోయిన వారం నిన్ను బస్సు ఎక్కించడానికి వచ్చినప్పుడు ఎంక్వైరీలో ఏమడిగాం? "చిత్తూరు బస్సు" అన్నాం. అది పాత్, అడ్రస్‌లో క్వశ్చన్ మార్క్‌కు ముందున్న భాగం. "కాణిపాకం మీదుగా పోయేది, ఆరు తర్వాత" అన్నాం. అది క్వెరీ, క్వశ్చన్ మార్క్ తర్వాతి భాగం. మొదటి మాట తప్పితే వేరే ఊరికి పోతాం. రెండో మాట మారితే అదే ఊరికి వేరే బస్సు దొరుకుతుంది. రెండో మాట అసలు చెప్పకపోయినా ఆయన ఏదో ఒక బస్సు చూపిస్తాడు, డిఫాల్ట్ అంటే అదే. గిట్‌హబ్‌లో పర్ పేజ్ చెప్పకపోతే 30 ఇస్తుంది, ఒక్కసారికి 100 మించి ఇవ్వదు. వెబెక్స్ మెసేజ్‌లకు మ్యాక్స్ చెప్పకపోతే 50.

ఇప్పుడు ఈ అడ్రస్ చూడు. ఇక్కడ తెలుగులో రాస్తున్నాను, నువ్వు ఇంగ్లిష్‌లోనే కొట్టాలి:

/మెసేజెస్?రూమ్‌ఐడి=123&మ్యాక్స్=5

దీన్ని నోరు తెరిచి బయటికి చదువు. "మెసేజ్‌లు ఇవ్వు. ఏ రూమువి? 123 వి. ఎన్ని? అయిదు." క్వశ్చన్ మార్క్ ఒక్కసారే వస్తుంది, ఆ తర్వాత ప్రతి జతకూ మధ్య & గుర్తు. జతల వరస మారినా మామూలుగా ఇబ్బంది ఉండదు. పేరులో పెద్దక్షరం చిన్నక్షరం మారితే మాత్రం చాలాచోట్ల ఇబ్బందే, డాక్యుమెంటేషన్‌లో ఉన్నట్టే కొట్టు.

నీ టెస్టులో పద్నాలుగో ప్రశ్న ఇక్కడే పోయింది. ఒక రూము వివరాలు కావాలంటే రూమ్‌ఐడి పాత్‌లోకి వెళ్తుంది: /రూమ్స్/123. ఆ రూములోని మెసేజ్‌లు కావాలంటే అదే రూమ్‌ఐడి క్వెరీలోకి వస్తుంది. ఐడి కనిపించగానే పాత్‌లో పెట్టేశావు. ఒక్క వస్తువును వేలు పెట్టి చూపిస్తున్నామా, గుంపులోంచి కొన్నిటిని ఏరుతున్నామా అని ముందు నిన్ను నువ్వే అడిగి చూసుకో, తర్వాత డాక్యుమెంటేషన్‌లో సరిచూసుకో. తప్పనిసరి అని రాసి ఉన్న పారామీటర్ వదిలేస్తే సాధారణంగా 400 అనే కోడ్ వస్తుంది, పాత్ తప్పితే 404, టోకెన్ (నువ్వెవరో సర్వర్‌కు చెప్పే తాళంచెవి లాంటిది) లేకపోతే 401.

అన్నిటికంటే ప్రమాదం "అంతా సరే" అని చెప్పే 200 తోనే, పాపా. నేను ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఒక కంపెనీకి పరికరాల జాబితా తీసివ్వాలి. టెర్మినల్‌లో, రిక్వెస్ట్ పంపే కర్ల్ కమాండ్ కొట్టాను. అడ్రస్‌లో రెండు పారామీటర్లు, మధ్యలో &. చుట్టూ కొటేషన్ గుర్తులు పెట్టలేదు. మనం కొట్టిన కమాండ్‌ను చదివి నడిపించే లినక్స్ షెల్‌కు & అంటే "ఈ పని వెనకాల నడిపించు" అని అర్థం. అది అడ్రస్‌ను అక్కడికే కోసేసి మొదటి ముక్కనే సర్వర్‌కు పంపింది. రెండో ముక్కలో ఈక్వల్ గుర్తు ఉంది కాబట్టి దాన్ని తన సొంత వేరియబుల్ అనుకుని నోరెత్తకుండా దాచుకుంది. తెర మీద బ్రాకెట్‌లో 1, పక్కన ఒక పెద్ద సంఖ్య కనిపించాయి, నేను వాటిని పట్టించుకోలేదు. 200 వచ్చింది, జాబితా వచ్చింది. వాడకంలో ఉన్నవి మాత్రమే కావాలన్న నా షరతు సర్వర్‌కు అందనేలేదు. పాతవి, తీసి పక్కన పడేసినవి అన్నీ కలిసిన ఆ జాబితా పట్టుకుని ఇద్దరు మనుషులు రెండు రోజులు గదులన్నీ తిరిగారు. వాళ్లు తిరిగొచ్చాక వాళ్ల ముఖాలు చూసిన బాధ నాకింకా ఉంది.

పారామీటర్ పేరులో ఒక అక్షరం తప్పు కొట్టినా ఇలాగే జరగొచ్చు. తనకు తెలియని పేరు వస్తే చాలా సర్వర్లు దాన్ని పట్టించుకోకుండా మిగతా పని చేసి 200 పంపిస్తాయి. కాబట్టి కోడ్ ఒక్కటే చూసి సంతోషపడకు. మ్యాక్స్ అయిదు అన్నావు కదా, వచ్చినవి లెక్కపెట్టు.

విలువలో ఖాళీ గానీ & గానీ ఉంటే వాటిని శాతం గుర్తుతో మార్చి రాయాలి. ఖాళీకి %20, &కి %26. "టీ & టిఫిన్" అని వెతుకుతూ & అలాగే వదిలేశావనుకో, సర్వర్ దాన్ని రెండో పారామీటర్ మొదలనుకుంటుంది. తెలుగైతే ఇంకా పొడుగు. తిరుపతి అన్న మాట మన కంటికి నాలుగు అక్షరాలు. గుణింతాలు విడిగా లెక్కించి యూనికోడ్‌లో ఏడు, ఒక్కోదానికి మూడు బైట్లు, మొత్తం ఇరవై ఒక్క శాతం గుర్తులు. నీ చేత్తో రాయొద్దు. పైథాన్ రిక్వెస్ట్స్ లైబ్రరీలో పారామ్స్ అని డిక్షనరీ ఇస్తే అదే మార్చుకుంటుంది. తర్వాత రెస్పాన్స్‌లోని యుఆర్‌ఎల్‌ను ప్రింట్ చేసి నిజంగా ఏం వెళ్లిందో చూడు.

టోకెన్, పాస్‌వర్డ్ లాంటివి క్వెరీలో పెట్టే అలవాటు చేసుకోకు. హెచ్‌టిటిపిఎస్ దారిలో కాపాడుతుంది, నిజమే. కానీ అవతలి సర్వర్ రాసుకునే లాగ్ ఫైళ్లలో అడ్రస్ మొత్తం పడుతుంది, బ్రౌజర్ హిస్టరీలోనూ మిగిలిపోతుంది. అడ్రస్‌తో కలవకుండా విడిగా వెళ్లే ఆథరైజేషన్ హెడర్‌లో పెట్టు. ఇంకో చిన్న సంగతి, # తర్వాత రాసింది సర్వర్ దాకా వెళ్లదు.

రేపటి నుంచి రోజుకు అరగంట పోస్ట్‌మన్ (రిక్వెస్ట్‌లు పంపి చూసే యాప్) తెరువు. పారామ్స్ ట్యాబ్‌లో ప్రతి పారామీటర్ పక్కన టిక్ పెట్టే చిన్న గడి ఉంటుంది. టిక్ తీసి పంపు, పెట్టి పంపు. పైన అడ్రస్ ఎలా మారిందో, కింద జవాబు ఎలా మారిందో రెండూ చూడు. ఒక పేరు కావాలనే తప్పుగా కొట్టి, ఆ ఎపిఐ 400 అంటుందో 200 అంటుందో రాసుకో. నోట్సులో నువ్వు రాసుకోవలసిన జాబితా అది.

భోంచేసి చదువు, మీ అమ్మను కంగారు పెట్టకు. శనివారం రాత్రి ఫోన్ చేసి మూడు అడ్రస్‌లు నాకు చదివి వినిపించు. మ్యాక్స్ తీసేసినప్పుడు ఎన్ని మెసేజ్‌లు వచ్చాయో కూడా లెక్కపెట్టి చెప్పు.

మీ మామ